మనమే ఒక యాప్ చేద్దాం, 3వ భాగం: కాగితం మీద టెస్టింగ్

మనం చేసేది కిరాణా కొట్టు ఉద్దెర ఖాతా రాసుకునే యాప్. పోయిన భాగంలో కొట్టు దగ్గర కూర్చుని ఆ ఖాతా ఎలా రాస్తున్నారో చూసి నోట్స్ రాసుకోమన్నా కదా, రాసుకోకపోతే ముందు ఆ పని చేసి రండి, ఇవాళ్టి పనంతా దాని మీదే.

ఈసారి ల్యాప్‌టాప్ ముట్టుకోవద్దు. నాలుగు తెల్లకాగితాలు, స్కెచ్ పెన్ను, కత్తెర చాలు. ఫోన్ సైజు ముక్కలు కత్తిరించి ఒక్కో స్క్రీన్ ఒక్కో ముక్క మీద గీయండి. గీత వంకరపోయినా పర్లేదు, అసలు వంకరగా ఉంటేనే మేలు, ఫిగ్మాలో (స్క్రీన్లు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) నీట్‌గా చేసి చూపిస్తే "అబ్బ, బాగుందండీ" అని మొహమాటానికి అనేస్తారు, అదే పెన్నుతో గీసింది చూస్తే "ఇదేంటి ఇక్కడ పెట్టారు" అని ధైర్యంగా అడుగుతారు.

పిల్లలాటలా ఉందా? 1996లో వచ్చిన పామ్ పైలట్ అనే జేబు కంప్యూటర్ చేయడానికి ముందు దాన్ని రూపొందించిన జెఫ్ హాకిన్స్ షర్టు జేబులో పట్టేలా ఒక చెక్కముక్క కోయించుకుని దాంతోనే తిరిగాడు, మీటింగ్‌లో ఎవరైనా డేట్ అడిగితే అది బయటికి తీసి పుల్లతో రాస్తున్నట్టు నటించేవాడు. దాన్ని దేనికోసం బయటికి తీయాలనిపిస్తోంది, జేబులో బరువనిపిస్తోందా అన్నవి సర్క్యూట్ జోలికి వెళ్లకముందే తేలిపోయాయి.

ఇక టెస్ట్. కొట్టాయన ముందు మొదటి స్క్రీన్ ముక్క పెట్టి "లక్ష్మిగారు 240 రూపాయల సామాను ఉద్దెరకి తీసుకెళ్లారు, రాయండి" అనండి, అంతే. ఎక్కడ నొక్కాలో చెప్పొద్దు. మనసులో ఏమనుకుంటున్నారో పైకి అంటూ చేయమనండి. ఆయన వేలు పెట్టినప్పుడల్లా మీ ఫ్రెండ్ తర్వాతి ముక్క మారుస్తాడు, మీరు రాసుకుంటారు. "ఇది నొక్కాలా?" అంటే "మీకేమనిపిస్తోంది?" అని తిరిగి అడగండి. మనకి ఎవరైనా తడబడుతుంటే సాయం చెయ్యకుండా ఉండటం చేతకాదు, ఈ పాఠం మొత్తంలో కష్టమైన భాగం ఇదే.

మన స్క్రీన్ ముందు పేరు అడుగుతోంది అనుకోండి, ఆయన మాత్రం అప్పుడే బిల్లు కూడాడు కాబట్టి వేలు నేరుగా అంకెల వైపు పోతోంది. ఇద్దరు ముగ్గురు అక్కడే ఆగితే వాళ్లకి నేర్పించే పని పెట్టుకోకండి, వరస తప్పింది మీది. తర్వాతి మనిషి వచ్చేలోపు కొత్త ముక్క గీసెయ్యండి, కోడ్ రాసుంటే ఈ మార్పుకి మనసొచ్చేది కాదు.

ఎంతమందితో అంటే, అయిదుగురు. వాడేవాళ్లతో డిజైన్లు టెస్ట్ చేయడంలో నిపుణుడైన యాకోబ్ నీల్సన్ 2000లో చెప్పిన లెక్క ప్రకారం అయిదుగురితోనే దాదాపు 85 శాతం ఇబ్బందులు బయటపడతాయి, 15 మంది దొరికితే ఒకేసారి చేసెయ్యకుండా అయిదుగురి చొప్పున మూడు రౌండ్లు చెయ్యమన్నాడు, మధ్యలో డిజైన్ మార్చుకుంటూ. 85 అనేది సగటు లెక్కే లెండి, వేదం కాదు. కాగితం ఖాతా తప్ప తెలియని పెద్దాయన, రోజంతా యూపీఐలో ఉండే వాళ్లబ్బాయి ఇద్దరూ ఒకే గుంపు కాదు, విడివిడిగా చూడాలి.

హోంవర్క్: మొదటి అయిదుగురితో చేసి, ఒక్కొక్కరికి ఒక షీట్ పెట్టండి. "నచ్చింది" లాంటివి అందులో రాయొద్దు, వేలు ఎక్కడికెళ్లింది, ఎక్కడ ఆగింది, ఏమన్నారు, ఈ మూడే. ఇంట్లోవాళ్లతో చేయించకండి, మీ మొహం చూసి పాస్ చేసేస్తారు. ఆ షీట్లు పట్టుకు రండి, ఏది మార్చాలో ఏది వదిలెయ్యాలో నాలుగో భాగంలో తేలుద్దాం.