సంక్రాంతికి బంధువులు రాకముందే: బిడ్డ లింగ పరివర్తన గురించి చెప్పడంలో జాగ్రత్తలు

ఇంట్లో కొడుకుగా పెరిగిన బిడ్డ తాను అమ్మాయినని చెప్పి, అలాగే బతకడం మొదలుపెట్టాక వచ్చే తొలి పండుగకు ముందు ఇంటివారు చూసుకోవలసినవి ఇవి.

• ఎవరికి, ఎంతవరకు, ఎప్పుడు చెప్పాలో ముందుగా ఆమెనే అడగండి. అనుమతి లేకుండా కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఒక్క మాట ఆమె ఉద్యోగానికీ అద్దె ఇంటికీ ముప్పు తేగలదు, దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు.

• పిలుపును సాధన చేయండి. మన భాషలో క్రియే లింగాన్ని బయటపెడుతుంది కనుక కొత్త పేరు పలికి కూడా "వచ్చాడు" అనేస్తాం. తడబడితే "వచ్చింది" అని దిద్దుకొని మాట కొనసాగించాలి తప్ప, పదిమందిలో పదేపదే క్షమాపణ చెబితే చూపులన్నీ ఆమెపైకే మళ్లుతాయి. తమ్ముడు "అక్కా" అని పిలవడం మొదలుపెడితే మిగతా పిల్లలు త్వరగానే అందుకుంటారు, ఆలస్యమంతా పెద్దలతోనే.

• శస్త్రచికిత్స గురించిన ప్రశ్నలను ముందే ఆపండి. అది అందరూ చేయించుకోరు. గుర్తింపుకు దాన్ని షరతుగా పెట్టరాదని సుప్రీంకోర్టు 2014 నాటి నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసు తీర్పులోనే చెప్పింది.

• "నయం చేయించండి" అనే సలహాకు తలూపకండి. తాను అమ్మాయినన్న భావననే మార్చాలని చూసే అటువంటి "మార్పిడి చికిత్స"ను జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా పేర్కొంది.

• గోడమీది పాత ఫొటో ఉంచాలో తీయాలో కూడా ఆమె ఇష్టమే.