నా కోపాన్నే కూర్చోబెట్టి అడిగాను

మా అబ్బాయి మార్కుల కాగితం చేతికివ్వగానే నా గొంతు బిగుసుకుపోయేది. వెంటనే అరుపులు. అరిచాక గంటసేపు ఫోన్‌లో తల దూర్చేవాణ్ణి. గుంటూరు బ్రాడీపేటలో మా పక్క వాటా వాళ్లకి కూడా వాడి మార్కులు నోటికొచ్చేవి.

మా ఆవిడ పోరు పడలేక విజయవాడలో ఒక కౌన్సెలర్‌ దగ్గరికి వెళ్లాను. ఆ కౌన్సెలర్ వాడే పద్ధతి పేరు ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్. 1980ల్లో అమెరికాలో రిచర్డ్ ష్వార్ట్జ్ అనే థెరపిస్టు మొదలుపెట్టాడు. మన లోపల ఒక కుటుంబమే ఉంటుందట: ముందుజాగ్రత్త పడేవాళ్లు, మంట ఆర్పడానికి పరిగెత్తేవాళ్లు (నా ఫోన్ పిచ్చి వీళ్ల పనే), దెబ్బతిని మూల నక్కినవాళ్లు. మొదట్లో నాకిదంతా పూనకం వ్యవహారంలా అనిపించింది.

"ఆ కోపం ఒంట్లో ఎక్కడుందండీ?"

గొంతులో.

"తను అరవకపోతే ఏమవుతుందని దాని భయమో అడగండి."

కళ్లు మూసుకుని అడిగా. రెండు వారాలు ఉలుకూ పలుకూ లేదు. మూడో వారం వచ్చింది జవాబు: "వీణ్ణి కూడా నిలబెడతారు."

ఇంటర్ హాస్టల్. స్టడీ అవర్‌లో ర్యాంకులు పైకి చదువుతున్నారు. బెంచీ ఎక్కి నిలబడ్డ పదహారేళ్ల నేను, ఎడమకాలి చెప్పు తెగి ఉంది. కౌన్సెలర్ చెప్పినట్టు ఊహలోనే వాడి పక్కకి వెళ్లాను. ఏం కావాలిరా అంటే, "ఇంటికెళ్దాం" అన్నాడు. చెయ్యి పట్టుకుని దింపి బస్సెక్కించాను. ఆ రోజు చాలా ఏడ్చాను.

ఇంత లోతు గాయాలు ఒంటరిగా తవ్వొద్దని ఆవిడ గట్టిగా చెప్పారు.

గొంతు ఇప్పటికీ బిగుస్తుంది. "చూశాన్లే, నేనున్నా" అనుకుని, మంచినీళ్లు తాగి, అప్పుడు కాగితం అందుకుంటున్నా. మొన్న లెక్కల్లో పదకొండు. అరిచాను గానీ, పక్క వాటాకి వినపడలేదు.