ఒక్క బటన్ టార్చ్ – 4వ పాఠం: నేల, కప్పు

కిందటి పాఠంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా? టార్చ్ ఆఫ్‌లో ఉన్నప్పుడు మూడు క్లిక్‌లు కొట్టి, బ్యాటరీ వోల్టేజ్ చదవమన్నాను. నాలుగు మెరుపులు, చిన్న ఆగు, మళ్లీ ఒక మెరుపు వస్తే 4.1 వోల్టులు. సున్నా ఉన్నచోట రెప్పపాటులో పోయే బుల్లి మెరుపు వస్తుంది. దాన్ని గమనించకపోతే 4.0 కాస్తా ఉత్త 4 అయిపోతుంది. మీకు 3.5 కన్నా తక్కువ వచ్చిందనుకోండి, ముందు చార్జింగ్ పెట్టి తర్వాత ఈ పాఠానికి రండి. సెల్ నీరసంగా ఉంటే పై వెలుగులు సరిగా రావు, మనమే ఏదో తప్పు నొక్కామని టెన్షన్ పడతాం.

మనం నేర్చుకుంటున్నది ఆండురిల్ 2 అనే ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్, అంటే టార్చ్ లోపల ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రామ్. ఇందులో వెలుగుకు 150 మెట్లు ఉంటాయి. బటన్ నొక్కి పట్టుకుంటే వెలుగు మెల్లగా పెరిగే ఆ దారినే ర్యాంప్ అంటున్నాం. ఆ దారి ఏ మెట్టు దగ్గర మొదలవ్వాలి, ఏ మెట్టు దగ్గర ఆగాలి అన్నది మనమే పెట్టుకోవచ్చు. మొదటిది ఫ్లోర్, రెండోది సీలింగ్. మన మాటల్లో నేల, కప్పు.

ఎందుకింత అవస్థ అంటారా? టార్చ్ కొనేటప్పుడు అందరి చూపూ డబ్బా మీదున్న పెద్ద ల్యూమెన్ల (వెలుగు కొలత) అంకె మీదే. నన్నడిగితే మంచి టార్చ్‌కి పరీక్ష అడుగున ఉంటుంది. అర్ధరాత్రి పక్కవాళ్ల నిద్ర చెడకుండా చెప్పులు వెతుక్కునేంత సన్నటి వెలుగు ఇవ్వగలదా? నేను రోజూ వాడేది అదే. వేల ల్యూమెన్లు చూసుకోవడం నెలకోసారి సరదా, అంతే.

కప్పు సంగతి వేరు. అది వేడికి సంబంధించినది. అరచేతిలో పట్టే అల్యూమినియం గొట్టం అన్ని వాట్ల వేడిని ఎక్కువసేపు వదిలించుకోలేదు. కాసేపటికి లోపలి ఉష్ణోగ్రత పరిమితి దాటుతుంది, ఫర్మ్‌వేర్ వెలుగు తగ్గిస్తుంది. ఎలాగూ నిలవని వెలుగు దాకా ర్యాంప్ ఎక్కించడం ఎందుకు? కప్పును కాస్త దించుకుంటే సరి.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. మన కన్ను వెలుగును సమానమైన మెట్లుగా చూడదు. వెలుగు రెట్టింపైతే మనకు రెట్టింపు అనిపించదు, "కొంచెం పెరిగింది" అనిపిస్తుంది. అందుకే మెట్లను ఘనం లెక్కలో అమర్చడం మామూలు. అలాంటి ర్యాంప్‌లో 120వ మెట్టు అంటే 150లో 0.8 వంతు. 0.8 × 0.8 × 0.8 చేస్తే దాదాపు 0.51. అంటే 120 దగ్గర ఉన్న వెలుగు మొత్తంలో సగమే, వేడి కూడా దాదాపు సగానికి పడుతుంది. కంటికి మాత్రం ఆ తేడా పెద్దగా తెలియదు. నా కప్పు 120 దగ్గర ఉండటానికి కారణం ఇదే. ఇక పూర్తి దమ్ము కావాలంటే వెలుగు కప్పు దగ్గర ఉన్నప్పుడు రెండు క్లిక్‌లు కొడితే టర్బో ఎటూ ఉంది.

ఇక చేతిలోకి తీసుకోండి. కొత్త టార్చ్ సింపుల్ మోడ్‌లో వస్తుంది, అందులో నేల, కప్పు పెట్టే మెనూ తెరుచుకోదు. ఆఫ్‌లో ఉంచి పది సార్లు నొక్కండి, పదోసారి వదలకుండా పట్టుకోండి. అడ్వాన్స్‌డ్ మోడ్‌లోకి వెళ్తారు. ఇప్పుడు ఒక్క క్లిక్‌తో ఆన్ చేయండి.

వెలుగుతుండగానే ఏడు సార్లు నొక్కి, ఏడోదాన్ని పట్టుకునే ఉండండి. ఒక మెరుపు వస్తుంది, అది నేల. అక్కడ వదిలితే నేల మెనూలో ఉంటారు. వదలకుండా ఉంటే రెండో మెరుపు వస్తుంది, అది కప్పు. వదిలాక వెలుగు రెపరెపలాడుతుంది. "చెప్పు, ఎంత పెట్టను?" అని అడుగుతున్నట్టు. అప్పుడు కొట్టిన క్లిక్‌ల లెక్కే సమాధానం. ఏమీ కొట్టకపోతే పాత అంకె అలాగే ఉంటుంది, కంగారేం లేదు.

నేలకు లెక్క సూటిగా ఉంటుంది. ఒక క్లిక్ అంటే 1వ మెట్టు, అయిదు క్లిక్‌లంటే 5వ మెట్టు. కప్పు మాత్రం పైనుంచి కిందికి లెక్కపెడుతుంది. ఒక క్లిక్ కొడితే 150, రెండు కొడితే 149. మనకు 120 కావాలి కాబట్టి 151లోంచి 120 తీసేస్తే 31 క్లిక్‌లు. ముప్పయ్యొక్కటి కొట్టేలోపు లెక్క తప్పుతుందనుకోకండి. నొక్కి పట్టుకున్న ప్రతిసారీ పది కలుస్తుంది. మూడుసార్లు పట్టుకుని వదిలి, ఒక క్లిక్ కొడితే పని అయిపోయినట్టే.

మొదట్లో నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ర్యాంప్‌లు రెండున్నాయి, నునుపుగా పెరిగేది ఒకటి, మెట్లుమెట్లుగా ఎక్కేది ఇంకొకటి. దేని నేల, కప్పు దానివే. వెలుగుతుండగా మూడు క్లిక్‌లు కొడితే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుతుంది. నేను నునుపు ర్యాంప్‌కి నేల పెట్టి, మెట్ల ర్యాంప్‌లో వెతుక్కుంటూ సాయంత్రమంతా టార్చ్‌ని తిట్టుకున్నాను.

ఇంకా పెద్ద తప్పు కూడా చెప్తాను. ఒకసారి తాళం (పొరపాటున ఆన్ అయిపోకుండా బటన్‌కి వేసేది) వేయకుండా టార్చ్‌ని సంచిలో పడేశాను. ఏ పుస్తకం అంచు తగిలిందో, బటన్ నొక్కుకుపోయింది. చెయ్యి పెడితే గొట్టం కాలిపోతోంది. సంచి లోపలి గుడ్డ మీద టార్చ్ ముందు అద్దం ఆకారంలో గుండ్రటి గోధుమరంగు మచ్చ పడింది. ఆ సంచి ఇంకా వాడుతున్నాను, మచ్చ చూసినప్పుడల్లా వేళ్లు వాటంతటవే తాళం వేస్తాయి. ఆఫ్‌లో నాలుగు క్లిక్‌లు, తాళం పడుతుంది. మళ్లీ నాలుగు కొడితే టార్చ్ వెలుగుతుంది.

హోంవర్క్: మీ టార్చ్‌కి నేల 1 పెట్టి చీకటిగదిలో చూడండి. కొన్ని టార్చ్‌లలో ఆ మెట్టు మరీ మసకగా ఉంటుంది, మినుకుమినుకుమన్నా అనవచ్చు. అలాగైతే 3, తర్వాత 5. చేతిరాత చదవగలిగేంత వెలుగు ఏ అంకె దగ్గర వచ్చిందో, దాన్ని రాసి పెట్టుకోండి. అయిదో పాఠంలో వేడి పరిమితిని సరిచేసేటప్పుడు దానితో పని పడుతుంది.