వెలిపడిన ఆత్మవైద్యురాలి పాత్రను ఆడటం ఎలా

ఆత్మలను పిలిచి వైద్యం చేసే మనిషి, సొంత తెగే వెలివేసిన మనిషి. టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా కథ నడిపే రోల్‌ప్లే ఆటల్లో ఈ పాత్రను ఎంచుకునేవాళ్లు చాలామందే ఉంటారు, చివరిదాకా నిలబెట్టేవాళ్లు తక్కువ. మెడలో ఎముకల దండ, ముఖాన బూడిద, ఎవరికీ అర్థంకాని నాలుగు మాటలు. మొదటి సెషన్, అంటే ఆటకు కూర్చున్న మొదటి విడత, వీటితో గడిచిపోతుంది. మూడో సెషన్‌కల్లా ఆ పాత్ర మంట పక్కన ముడుచుకుని కూర్చుని, ఎవరికైనా దెబ్బ తగిలినప్పుడు మాత్రమే బయటికి తీసే మందుసీసా అయిపోతుంది. దీనికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. వైద్యం ఒక కథగా, వెలి ఇంకో కథగా విడివిడిగా రాసుకోవడం. రెండూ ఒకే వేరు నుంచి మొలవాలి. ఏ వైద్యం చేసినందుకు తెగ బయటికి నెట్టిందో, ఆ వైద్యమే ఇప్పటికీ ఆమె చేతిలో ఉన్న బలం కావాలి.

ముందు వెలికి కారణం

"కట్టుబాటు తప్పిందని తెగ వెళ్లగొట్టింది" అని రాసుకుంటే ఆటలో ఎందుకూ పనికిరాదు. ఏ కట్టుబాటు, ఎవరి కోసం తప్పింది, దానివల్ల ఎవరు నష్టపోయారు, ఈ మూడూ రావాలి. ఒక నమూనా చూడండి. ఓర చిత్తడి నేలల తెగ వైద్యురాలు. నీట మునిగి పోయినవాళ్లు నీటికే చెందుతారన్నది అక్కడి కట్టుబాటు. ఓర తన మేనకోడలి ప్రాణాన్ని నీటి నుంచి వెనక్కి పిలిచింది. ఆ ఏడు చేపలు రాలేదు, చలికాలంలో ఇద్దరు ముసలివాళ్లు ఆకలితో పోయారు.

నాలుగు చిన్న వాక్యాలే, కానీ ఆట నడిపే జీఎంకు ఎన్ని దారులు దొరికాయో చూడండి. ఓర బాకీపడ్డ నీటి ఆత్మ ఉంది. బతికి ఉన్న మేనకోడలు ఉంది. ఆకలితో పోయినవాళ్ల పిల్లలున్నారు. పైగా ఓర మళ్లీ ఎవరినైనా చావు అంచు నుంచి లాగిన ప్రతిసారీ అదే తప్పు మళ్లీ చేస్తున్నట్టు.

కారణం గట్టిదో కాదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. తెగ పెద్ద స్థానంలో కూర్చుని రెండు నిమిషాలు మీ పాత్రకు ఎదురు వాదించండి. ఆ వాదన మీకే న్యాయంగా అనిపించాలి. పెద్దలందరూ మూర్ఖులు, మీ పాత్ర ఒక్కతే వివేకి అయితే, ఆమెకు తిరిగి వెళ్లాలన్న కోరిక ఉండదు. ఆ కోరిక లేనిచోట వెలికి బరువుండదు.

తర్వాత వెలి షరతులు. తెగవాళ్లు ఆమెతో మాట్లాడొచ్చా? ఆమె వెలిగించిన నిప్పును వాడొచ్చా? ఆమె పేరు పలకొచ్చా? గడువు ఉందా, బతికున్నంత కాలమా? హద్దు దాటి వెనక్కి వస్తే ఏం చేస్తారు? అన్నీ మూసేయకండి, ఒక సందు వదలండి. ఓర తెగవాళ్లు ఆమెతో మాట్లాడరు, కానీ ఆమె వినేలా తమలో తాము మాట్లాడుకోవచ్చు. ఆ ఒక్క సందులోంచి ఎన్ని సన్నివేశాలైనా పుడతాయి.

మాటతీరులో కనిపించే వెలి

గొంతు మార్చి బొంగురుగా మాట్లాడటం, క్రియలు మింగేసి ముక్కలు ముక్కలుగా పలకడం వద్దు. అలా మాట్లాడే పాత్ర తెలివితక్కువదిగా వినిపిస్తుంది, ఆడేవారికీ గంటలో విసుగొస్తుంది. అంతకంటే మంచి దారి వరసలు. తెగలో అందరినీ వరసపెట్టే పిలుస్తారు అనుకోండి: అవ్వ, మావ, వదిన, తమ్ముడు. వెలిపడ్డ మనిషి ముందుగా పోగొట్టుకునేది ఆ హక్కునే. కాబట్టి ఓర తన బృందంలో, అంటే మిగతా ఆటగాళ్ల పాత్రల్లో, ఎవరినీ వరసతో పిలవదు. "కత్తి పట్టినావిడా", "విల్లు మోసేవాడా" అంటుంది. ఎనిమిదో సెషన్లోనో పన్నెండో సెషన్లోనో, గాయం కడుతూ ఒకరిని "అక్కా" అని పిలిచిందంటే టేబుల్ చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్క క్షణం ఆగిపోతారు. ఆ పిలుపును తొందరపడి ఖర్చు చేయకండి.

ఆమె పనికి తెగలో ఉన్న పేరునూ మీరే కట్టండి. ఇలా ఆత్మలతో మాట్లాడే వైద్యులను పిలిచే షమన్ అన్న మాట సైబీరియాలోని తుంగూసిక్ భాషల నుంచి వచ్చింది. దాన్ని ప్రతి కల్పిత తెగకూ తగిలించనక్కర్లేదు. ఓరను ఆమె జనం "ఊపిరి కాపరి" అంటారు. పేరులోనే పని తెలుస్తోంది.

ఆత్మలు మూడు చాలు

ముప్పై ఆత్మలున్న పాత్రకు నిజానికి ఒక్క ఆత్మా ఉండదు, ఎందుకంటే ఎవరికీ ఏదీ గుర్తుండదు. మూడింటిని తీసుకుని ఒక్కోదానికి నాలుగు సంగతులు రాయండి: పేరు, ఏం ఇస్తుంది, బదులు ఏం అడుగుతుంది, ఏం చేస్తే అలుగుతుంది. ఓరకు నీటి ఆత్మ ప్రాణాలు నిలబెడుతుంది. బదులుగా ప్రతిసారీ ఒక జ్ఞాపకం అడుగుతుంది. ఎండిన నేలమీద తనను పిలిస్తే అలుగుతుంది. రెండోది చనిపోయిన గురువు ఆత్మ. రోగం ఏమిటో చెబుతుంది, కానీ పడుకునే ముందు ఆ రోజు చేసిన తప్పొకటి ఒప్పుకోమంటుంది. అబద్ధం చెబితే మూడు రోజులు పలకదు. మూడోది జ్వరం ఆత్మ, శత్రువనే చెప్పాలి. దాన్ని రోగి ఒంట్లోంచి పంపాలంటే ఇంకెక్కడికైనా పంపాలి. ఎక్కడికన్నదే ప్రతిసారీ వచ్చే చిక్కు.

బదులు అడిగేది ఆటలో నిజంగా తగిలేలా ఉండాలి. "కొంచెం అలసట వస్తుంది" అంటే ఎవరికీ పట్టదు. జ్ఞాపకం ఇచ్చినప్పుడు పాత్ర వివరాలు రాసుకునే కాగితం (క్యారెక్టర్ షీట్) వెనుక రాసుకున్న జ్ఞాపకాల జాబితాలో ఒకటి పెన్నుతో కొట్టేయండి, అందరికీ కనిపించేలా. పది జ్ఞాపకాలతో మొదలుపెట్టండి. వాటిలో మూడు నిజంగా పోగొట్టుకోవడానికి మనసొప్పనివి కావాలి. ప్రతి చిన్న గాయానికీ ఇది వాడొద్దు. ప్రాణం పోయే దశలో ఉన్నవారిని లాగినప్పుడు మాత్రమే వాడితే పది జ్ఞాపకాలు చాలాకాలం వస్తాయి.

మందుసంచి

తెగ ఉండే చోటును బట్టే మందులు. చిత్తడి నేలల వైద్యురాలి దగ్గర మంచుకొండల పువ్వు ఉండదు, ఉంటే ఎక్కడ దొరికిందో చెప్పాలి. సంచిలో ఐదారు వస్తువులు చాలు, ప్రతిదానికీ ఒక పని ఉండాలి. నిజ ప్రపంచపు వైద్య చరిత్రలో నమ్మదగిన వివరాలు బోలెడున్నాయి. విల్లో చెట్టు బెరడులో సాలిసిన్ ఉంటుంది, అందుకే ఆ కషాయం జ్వరానికీ నొప్పులకూ వాడారు. తేనె పూసిన గాయంలో సూక్ష్మజీవులు సులభంగా పెరగవు. ఈగ పురుగులు గాయంలోని చచ్చిన కండను తింటాయి. ఈ చివరిది సన్నివేశంలో వాడితే బృందంలోని యోధుడు మొహం తిప్పుకుంటాడు, వైద్యురాలు తాపీగా పురుగులు లెక్కపెడుతుంది. పాత్ర ఎవరో చెప్పడానికి అది చాలు. ఇవన్నీ కథ కోసమే, సొంత ఒంటిమీద ప్రయోగాలకు కాదు.

తయారీకి పట్టే సమయమూ చెప్పండి. ఆకు నూరి కట్టడం పది నిమిషాల పని. బెరడు కషాయానికి మంట కావాలి, నీళ్లు కావాలి, తీరిక కావాలి. వానలో, శత్రువులు వెతుకుతుండగా మంట పెట్టాలా వద్దా అని బృందం తర్జనభర్జన పడిందంటే మందు కథలోకి వచ్చినట్టే.

వైద్యం చేసే సన్నివేశం

యుద్ధం మధ్యలో ఒక్క వాక్యం. అంతకంటే ఎక్కువ వద్దు, మిగతా ఆటగాళ్ల వంతు ఆగిపోతుంది. "ఓర తడి అరచేతిని నీ పక్కటెముకల మీద పెట్టి, నీటికి నీ పేరు చెబుతుంది" అంటే సరిపోతుంది. విశ్రాంతి సమయంలో మాత్రం ఒకటిన్నర నిమిషం దాకా తీసుకోవచ్చు. అప్పుడు వరస ఇది:

1. అడగడం. రోగికి ఒక ప్రశ్న వేయండి, జవాబు ఆ ఆటగాడి నోటి నుంచే రావాలి. "దెబ్బ తగిలినప్పుడు ముందు ఎవరు గుర్తొచ్చారు?"
2. పిలవడం. వేళ్లతో టేబుల్ మీద నెమ్మదిగా ఒకే తీరున దరువు వేయండి. కల్పిత భాషలో మంత్రాలు చదవడం కంటే ఇదే బాగా పనిచేస్తుంది.
3. బేరం. ఆత్మ ఏమడిగిందో పైకి చెప్పండి. జీఎం ఒప్పుకుంటే ఆత్మ గొంతు వారికే ఇవ్వండి. ఏమడుగుతుందో మీకే తెలియనప్పుడు భయం నిజమైనదవుతుంది.
4. తర్వాత. చేతులు ఎలా ఉన్నాయి, ఏం పోయింది, రోగి కళ్లలోకి చూడగలిగిందా?

చాలామంది నాలుగోదాన్ని వదిలేస్తారు. పాచికలు పడగానే సన్నివేశం అయిపోయిందనుకుంటారు. వెలిపడ్డ మనిషి ఒంటరితనం బయటపడేది సరిగ్గా అక్కడే. రోగి లేచి మిత్రుల దగ్గరికి వెళ్తాడు, ఆమె చేతులు కడుక్కుంటూ ఉండిపోతుంది.

నాలుగు సెషన్లకు ఒకసారైనా వైద్యం తేలిగ్గా జరగకూడదు. రోగి ఒద్దనవచ్చు. ఆత్మ రాకపోవచ్చు. బతికించినవాడు కృతజ్ఞతకు బదులు భయంతో చూడవచ్చు.

నియమాల సంగతి

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లే ఆట ఐదో ఎడిషన్‌లో, 2014 నియమాల ప్రకారం, రెండు తరగతులు (పాత్ర ఏ విద్య తెలిసినదో చెప్పే రకాలు) దగ్గరగా వస్తాయి: ప్రకృతి శక్తితో పనిచేసే డ్రూయిడ్, దేవుడి శక్తితో పనిచేసే క్లెరిక్. డ్రూయిడ్‌కు మూలికల పనిముట్లైన హెర్బలిజం కిట్ నైపుణ్యం తరగతితోనే వస్తుంది. డ్రూయిడ్‌లలోనే షెపర్డ్ అనే ఉపవర్గానికి చెందిన పాత్ర రెండో స్థాయి నుంచి ఆత్మను పిలవగలదు, 30 అడుగుల వ్యాసార్థంలో ఒక నిమిషం పాటు దాని ప్రభావం ఉంటుంది. అయితే చనిపోయినవారితో మాట్లాడే స్పీక్ విత్ డెడ్ మంత్రం డ్రూయిడ్ జాబితాలో లేదు. మీ పాత్రకు చచ్చినవాళ్లతో పని ఎక్కువైతే క్లెరిక్ మేలు. ఆ మంత్రంతో ఐదు ప్రశ్నలే అడగొచ్చు, శవానికి నోరు ఉండాలి, అదే శవాన్ని పది రోజులదాకా మళ్లీ పలికించలేరు. ఇలాంటి హద్దులు కథకు మంచి సరుకు, తెగ కట్టుబాట్లుగా చెప్పుకోండి.

పాత్ర గతాన్ని చెప్పే నేపథ్యానికి హెర్మిట్ (ఏకాంతవాసి) తీసుకుంటే మెడిసిన్, రిలీజియన్ నైపుణ్యాలతో పాటు హెర్బలిజం కిట్ వస్తుంది. డ్రూయిడ్‌కు ఆ కిట్ ముందే ఉంది కాబట్టి దాని బదులు వేరే పనిముట్టు ఎంచుకోండి. అవుట్‌ల్యాండర్ (ఊళ్లకు దూరంగా పెరిగిన మనిషి) నేపథ్యంలో అథ్లెటిక్స్, సర్వైవల్ వస్తాయి, అడవిలో తనతో పాటు మరో ఐదుగురికి తిండి, నీళ్లు వెతికిపెట్టే వీలుంటుంది. వెలిపడ్డ మనిషి బృందానికి అన్నం పెట్టడమన్నది మాకు బాగా నచ్చే ఏర్పాటు. ఇవన్నీ కాక ఐదు బంగారు నాణేల హీలర్స్ కిట్ ఒకటి ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి. అది పదిసార్లు వస్తుంది, పడిపోయినవారి ప్రాణాన్ని పాచికలు వేయకుండానే నిలబెడుతుంది. ఆత్మలు అలిగిన రోజు అదే దిక్కు.

దూరం నుంచే పనిచేసే వైద్య మంత్రం హీలింగ్ వర్డ్‌ను "నా పాత్ర చేత్తో తాకి మాత్రమే వైద్యం చేస్తుంది" అంటూ వదులుకోకండి. తోటివాడు చస్తుంటే మీ శైలి ఎవరికీ అక్కరలేదు. దాన్ని ఈలగానో, పేరు పెట్టి పిలిచే కేకగానో వర్ణించండి.

రాతలో ఆడేటప్పుడు

చాట్‌లోనో పోస్టుల్లోనో ఆడితే ఒక నియమం తప్పనిసరి. ఎదుటి పాత్ర ఒంట్లో ఏం జరిగిందో మీరు రాయకూడదు. "జ్వరం వదిలింది, అతను కళ్లు తెరిచి ఆమె చేయి పట్టుకున్నాడు" అంటే అతని పాత్రను మీరే నడిపేసినట్టు. "ఓర చెక్కగిన్నెను అతని పెదవులకు ఆనించి, మింగే చప్పుడు కోసం చెవి ఒగ్గింది" అని ఆపండి. మింగాలో ఉమ్మాలో అతను రాస్తాడు. ఆత్మలు ఎదుటివారి రహస్యాలు చెప్పాయని రాయడమూ ఇదే తప్పు. ముందు విడిగా అడగండి.

చెడిపోయే చోట్లు

అన్నిటికంటే ఎక్కువగా చెడేది మౌనం దగ్గర. "నా పాత్ర ఎవరినీ నమ్మదు" అనుకుని ప్రతి మాటకూ ముఖం తిప్పుకుంటే, మూడోసారి తర్వాత ఎవరూ పలకరించరు. నమ్మకపోయినా బృందంతో ఉండటానికి ఒక గట్టి అవసరం రాసుకోండి. ఓర ఒంటరిగా నీళ్ల పక్కన పడుకోలేదు, రాత్రి ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి. ఇంత చిన్న అవసరమే పెద్ద ప్రమాణాల కంటే బాగా కట్టేస్తుంది. ఇంకో చోటు, ప్రతి ఊళ్లోనూ తరిమేయించుకోవడం. రెండుసార్లు చాలు. మూడో ఊళ్లో ఎవరైనా రహస్యంగా బిడ్డను ఎత్తుకుని ఆమె దగ్గరికి రావాలి.

నిజమైన ఏ ఆదివాసీ జాతి ఆచారాన్నీ, దేవతల పేర్లనూ, వేషాన్నీ ఎత్తుకొచ్చి అతికించకండి. చోటు, తిండి, భయం, ఈ మూడింటి నుంచి కొత్త తెగను కట్టడం కష్టమేమీ కాదు. మొదటి సెషన్‌కు ముందే అందరితో కూర్చుని పూనకం, పిల్లల చావు, వెలి గురించి అడగండి. వెలి నిజ జీవితంలో అనుభవించినవారు టేబుల్ దగ్గర ఉండొచ్చు. ఎవరైనా వద్దన్నది ఆటలోకి రాదు. కారణం చెప్పమని అడగకూడదు.

తిరిగి వెళ్లే రోజు

ఎప్పుడో ఒకప్పుడు కథ తెగ దగ్గరికి చేరుతుంది. జీఎంను క్షమాపణ సన్నివేశం అడగకండి, ఒక రోగిని అడగండి. వెలి వేసిన పెద్ద స్వయంగా జబ్బుపడితే మంచిది. ఆ సెషన్‌కు కనీసం రెండు రోజుల ముందు మూడు ఆత్మల బాకీ లెక్క, మిగిలిన జ్ఞాపకాల జాబితా జీఎం చేతికి ఇవ్వండి. జాబితాలో ఆ పెద్ద గురించిన జ్ఞాపకం ఒకటి కొట్టేయకుండా మిగిలి ఉండేలా మొదటినుంచీ చూసుకోండి. ఆ రోజు నీటి ఆత్మ అడగాల్సింది దాన్నే.