డిజైన్ స్టూడియోను ఎలా ఎంచుకోవాలి? బీఆర్క్ విద్యార్థుల కోసం

బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) అంటే అయిదేళ్లు, పది సెమిస్టర్లు. డిజైన్ స్టూడియో అంటే సెమిస్టరంతా ఫ్యాకల్టీ దగ్గర ఒక ప్రాజెక్టును డిజైన్ చేసే క్లాసు. మొదట్లో క్లాసంతా ఒకటే ప్రాబ్లమ్ మీద పనిచేస్తుంది. పై సెమిస్టర్లకు వచ్చేసరికి కొన్ని కాలేజీలు రెండు మూడు స్టూడియోలు పెట్టి ప్రిఫరెన్సులు రాయమంటాయి. అహ్మదాబాద్‌లోని సెప్ట్ యూనివర్సిటీ లాంటి చోట్ల ఆ జాబితా ఇంకా పెద్దది. చాలామంది సార్ పేరు చూసో, ఫ్రెండ్స్ ఎటు వెళ్తున్నారో చూసో రాసేస్తారు. అసలు చూడాల్సింది వేరే: సెమిస్టర్లోని పదహారు వారాల్లో మీరు ఎక్కువ కాలం ఏ డ్రాయింగ్ మీద కూర్చుంటారు?

1. ముందు మీ పాత ప్రాజెక్టులు బయటికి తీయండి

ఒక్కో ప్రాజెక్టుకు నాలుగు సంగతులు రాసుకోండి: సైట్ ఎక్కడ, బిల్టప్ ఏరియా ఎంత, స్ట్రక్చర్ ఏమిటి, చివరి డ్రాయింగ్ ఏ స్కేలులో ఆగింది. అన్నీ ఆర్‌సీసీ ఫ్రేమే (కాంక్రీటు స్తంభాలు, దూలాలు), అన్నీ 1:200 ప్లాన్ల దగ్గరే ఆగాయంటే మీకు కావలసింది 1:20 వాల్ సెక్షన్ (గోడను నిలువుగా కోసినట్టు వివరంగా చూపే డ్రాయింగ్) దాకా తీసుకెళ్లే స్టూడియో. ఆర్కిటెక్ట్ ఆఫీసులో చేసే ప్రాక్టికల్ ట్రైనింగ్‌కు ముందు సెమిస్టరైతే దీనికి ఇంకా బరువివ్వండి. ఆఫీసులో మొదటి వారమే టాయిలెట్ డిటైలో, మెట్ల సెక్షనో చేతిలో పెడతారు. థీసిస్‌కు ముందైతే సర్వే చేసి, ప్రోగ్రామ్ (కట్టడంలో ఏమేం ఉండాలన్న జాబితా) మీరే రాసుకునే స్టూడియో మేలు.

2. బ్రీఫ్‌లో (స్టూడియో వివరాల పత్రంలో) టైటిల్ వదిలేసి షెడ్యూల్ చదవండి

ఎంపిక తేలేది ఇక్కడే. పదహారు వారాల్లో జ్యూరీలు (పని చూపించే సమీక్షలు), సెలవులు కలిసి రెండు వారాలు పోతాయి. చివరి రెండు వారాలు షీట్లు, మోడల్‌కే సరి. డిజైన్‌కు మిగిలేది పన్నెండు. అందులో గ్రూపు సైట్ స్టడీకి ఆరు వారాలు ఇచ్చి, ఆపైన పది వేల చదరపు మీటర్ల హౌసింగ్ అడిగారనుకోండి. యూనిట్ ప్లాన్లు, పార్కింగ్, కోర్ (మెట్లు, లిఫ్టులు) కుదిరేసరికి సబ్మిషన్ వచ్చేస్తుంది. సెక్షన్ గురించి ఆలోచించే తీరికే ఉండదు. అదే పన్నెండు వారాల్లో ఆరు వందల చదరపు మీటర్ల లైబ్రరీ అయితే వెలుతురు ఎటునుంచి రావాలి, కిటికీ గట్టు ఎంత ఎత్తు అన్నదాకా వెళ్లొచ్చు. పెద్ద ప్రాజెక్టు పోర్ట్‌ఫోలియోలో గొప్పగా కనిపిస్తుందన్నది నమ్మకం మాత్రమే. సగంలో ఆగిన పెద్ద ప్రాజెక్టు చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

సైట్ విజిట్ తేదీ కూడా చూడండి. కన్జర్వేషన్ (పాత కట్టడాల పరిరక్షణ) స్టూడియోలో పాత కట్టడాన్ని టేపు పట్టుకుని రోజుల తరబడి కొలవాలి. సరి సెమిస్టర్లో ఆ పని ఏప్రిల్‌కు జారితే మన ఎండల్లో కొలతలు సగమే వస్తాయి, సగం కొలతలతో మెజర్డ్ డ్రాయింగ్ (కొలిచి గీసే డ్రాయింగ్) పూర్తవదు.

3. సీనియర్ల షీట్లలో మధ్యరకం అడగండి

ఫ్యాకల్టీ చూపించేవి బెస్ట్ షీట్లు. అవి ఆ విద్యార్థి సత్తా చెబుతాయి, స్టూడియో సత్తా కాదు. మామూలు మార్కులు వచ్చిన ఇద్దరు ముగ్గురి ఫైనల్ షీట్లు చూడండి. అందరివీ ఒకే రకం ఫసాడ్‌తో (కట్టడం ముఖభాగంతో) ఉంటే అక్కడ సార్ ఇష్టమే డిజైనని అర్థం. ప్లాన్లు వేరువేరుగా ఉండి, సెక్షన్లు అందరివీ పూర్తయి ఉంటే ఆ స్టూడియో మంచిది. మిడ్ జ్యూరీ తర్వాత ఎంతమంది మొదటినుంచి రీవర్క్ చేయాల్సి వచ్చిందో సీనియర్లను అడగండి.

4. సమయం, ఖర్చు లెక్కేయండి

నాలుగు గంటల స్టూడియోలో పదిహేను మందికి ఒక ఫ్యాకల్టీ అంటే మనిషికి 16 నిమిషాలు. ఇరవై రెండు మంది అయితే 11 నిమిషాలే. గ్రూపు మార్కులు ఎంత శాతమో, వ్యక్తిగత మార్కులు ఎంతో ముందే తెలుసుకోండి. మూడు జ్యూరీలకు ఎనిమిదేసి ఏ1 షీట్లంటే 24 ప్రింట్లు. మోడల్, ప్రయాణం దీనికి అదనం. రైనో, రెవిట్ సాఫ్ట్‌వేర్లు తప్పనిసరి అంటే అవి నేర్పుతారా, ముందే వచ్చి ఉండాలా అని అడగండి. రానివాళ్లకు మొదటి నెల సాఫ్ట్‌వేర్‌కే పోతుంది.

5. ప్రిఫరెన్సులు రాసేముందు కేటాయింపు పద్ధతి అడగండి

సీజీపీఏ ప్రకారమో, లాటరీ ప్రకారమో ఒక్కొక్కరినీ పిలిచి, వాళ్ల జాబితాలో పైనుంచి ఖాళీ ఉన్నది ఇస్తుంటే మీ నిజమైన వరుసే రాయండి. లెక్కలు వేసి మార్చితే మీకే నష్టం.

అలా కాకుండా అందరి మొదటి ప్రిఫరెన్సులూ ముందు నింపి, మిగిలిన సీట్లకు రెండోవి చూస్తుంటే జాగ్రత్త. రద్దీ స్టూడియోను రెండో స్థానంలో రాస్తే ఆ గడి వృథా. మీ వంతు వచ్చేసరికి అది నిండిపోయి ఉంటుంది. రెండో స్థానంలో, సీటు మిగిలే అవకాశమున్న, మీకు పనికొచ్చే స్టూడియోను పెట్టండి.

6. కోరుకున్నది రాకపోతే

మార్పుకు గడువు ఉందేమో కోఆర్డినేటర్‌ను అడగండి. లేకపోతే మొదటి వారంలోనే ఫ్యాకల్టీతో మాట్లాడి, మీకు కొరతగా ఉన్న డ్రాయింగ్‌ను ఫైనల్ సబ్మిషన్‌లో చేర్చడానికి ఒప్పించండి. ఉదాహరణకు అర్బన్ డిజైన్ స్టూడియో వస్తే, మాస్టర్ ప్లాన్‌లోని ఒక్క బ్లాకు తీసుకుని 1:50 సెక్షన్ చేస్తానని చెప్పండి. మిడ్ జ్యూరీ దాటాక అడిగితే షీట్ల జాబితా ఖరారైపోయి ఉంటుంది.