పాతబస్తీకి పిల్లలతో వెళ్తున్నారా?

హైదరాబాద్ పాతబస్తీ చూడాలంటే నేరుగా చార్మినార్ దగ్గర ఆటో దిగకండి. మదీనా కూడలి దగ్గర దిగి, పత్తర్‌గట్టి బజారు మీదుగా నడవండి. పొద్దున 7 గంటలకల్లా అయితే మేలు. షట్టర్లు మూసి ఉంటాయి, జనం ఉండరు, రాతి ఆర్చీలు తీరిగ్గా చూడొచ్చు. కాస్త ముందుకెళ్తే గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ వస్తుంది. ‘తప్పిపోతే ఇక్కడికే రండి’ అని పిల్లలకు దాన్నే చూపించండి. చుట్టూ ఉన్న నాలుగు కమాన్‌లను, అంటే పెద్ద ఆర్చీ ద్వారాలను, గుర్తు చెబితే లాభం లేదు, నాలుగూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మావాడు వేరే కమాన్ కింద నిలబడి పావుగంట మాకు చెమటలు పట్టించాడు! జేబులో ఫోన్ నంబర్ రాసిన చీటీ కూడా పెట్టండి. లాడ్‌బజార్ గాజుల దుకాణాలు మాత్రం బాగా పొద్దెక్కాకే తెరుస్తారు. చౌమహల్లా ప్యాలెస్ కూడా చూడాలనుకుంటే శుక్రవారం వెళ్లకండి, ఆ రోజు సెలవు.