మూతపడిన షెడ్డును తిరిగి తెరిచే ముందు

వారాల తరబడి మూతపడిన చిన్న వర్క్‌షాపులు, గోదాములు తిరిగి తెరిచే యజమానులు, అన్నాళ్లుగా మనిషి అలికిడి లేని ఆ గదిలో ఏయే సరుకులు పాడై ప్రమాదకరంగా మారి ఉంటాయో ముందుగా ఆలోచించుకోవాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ప్రాణాలు తీసిన స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి, కోవిడ్ లాక్‌డౌన్ కాలంలో ఫ్యాక్టరీ ట్యాంకులో నిల్వ ఉండిపోయిన సరుకు వేడెక్కడం వల్ల బయటికి వచ్చినదే. ఆ వెంటనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ, తెరిచిన మొదటి వారాన్ని ప్రయోగాత్మకంగానే పరిగణించాలనీ, ఉత్పత్తి లక్ష్యాల వెంట పడరాదనీ పరిశ్రమలకు సూచించింది. రంగులను పలుచన చేసే థిన్నరు డబ్బాలు నాలుగున్న ఫర్నిచర్ షెడ్డు కూడా ఈ సూచనను పాటించడం మంచిది.

షట్టరు ఎత్తిన తర్వాత గాలి బాగా ఆడేవరకు ఎవరూ లోపలికి వెళ్లకూడదు. ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా అప్పుడే వేయరాదు. థిన్నరు ఆవిరి గాలికంటే బరువైనది కనుక నేలబారున పేరుకుని ఉంటుంది, అది అంటుకోవడానికి స్విచ్చులో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. డబ్బాలు ఉబ్బాయా, కారాయా, ఎలుకలు వైర్లు కొరికాయా అన్నది టార్చిలైటుతో చూసుకున్నాకే మెయిన్ వేయాలి. శుభ్రం చేసేటప్పుడు బ్లీచింగ్ పౌడరు చల్లిన నేలమీద బాత్రూమ్ యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది కాబట్టి, ఆ రెండింటినీ ఒకే మనిషికి ఒకేసారి అప్పగించవద్దు.